బోర్డుకీ లీటర్ల లెక్క ఉంది

మాది మిర్యాలగూడ, ఈత నేర్చింది సాగర్ ఎడమ కాలువలో, సముద్రం మీద సర్ఫింగ్ బోర్డెక్కింది మాత్రం మొన్న వైజాగ్ రుషికొండలోనే. చూడ్డానికి సన్నగా బాగుందని 32 లీటర్ల బోర్డు తీసుకున్నా (లీటర్లంటే బోర్డు ఘనపరిమాణం, అది ఎంత ఎక్కువైతే అంత బాగా తేలుతుంది), నా బరువేమో 72 కిలోలు. పడుకోగానే ఛాతీ కింద అది నీళ్లలోకి దిగిపోయింది, భుజాలు గుంజేదాకా చేతులాడించినా అల నన్ను వదిలేసి ముందుకెళ్లిపోయేది. చాలా బాధేసింది.

మర్నాడు 8 అడుగుల ఫోమ్ బోర్డు, 80 లీటర్లది. నాలుగో అలకే లేచి నిలబడ్డా! ఆ రెండు సెకన్లు, అరికాళ్ల కింద గరుకుగా బోర్డు, ముందు ఒడ్డు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు కిలోకి కనీసం ఒక లీటరు చూసుకోండి. చేయి తిరిగినవాళ్లు అందులో సగంతో కూడా ఆడతారు, అది ఏళ్ల సాధన. నేను ఇంకో ఏడాది ఫోమ్ బోర్డు మీదే.