ముద్ద మందారం కొమ్మలు

శ్రావణం వచ్చేలోగా ప్రహరీకి రంగులు వేయించాలని పక్కింటి పిన్నిగారు ఇవాళ పొద్దున్నే గోడవారనున్న మొక్కలన్నీ కొట్టించేశారు. ముద్ద మందారం, నందివర్ధనం, గన్నేరు, అన్నీ కలిసి గేటు ముందు పెద్ద కుప్ప. చెత్తబండి వచ్చేలోపు నాటుకోవడానికి నాకు కావలసిన కొమ్మలు ఏరుకొచ్చుకున్నాను.

"ఏమ్మా, ఆ పుల్లలెందుకు నీకు? కడియం నర్సరీలకి వెళ్తే పూలతో సహా మొక్కే ఇస్తారుగా" అని ఆవిడ నవ్వారు. నిజమే, రాజమండ్రిలో ఉంటూ మొక్కకి మొహం వాచక్కర్లేదు. కానీ ఆ మందారం రంగు వేరు. అటు ఎరుపూ కాదు, ఇటు గులాబీ కాదు.

కుప్పలో ఉన్నదంతా పనికిరాదు. కొసలు మరీ లేత, నాటితే కుళ్ళిపోతాయి. బాగా ముదిరి బెరడు కట్టినవి వేరు తియ్యడానికి బద్ధకిస్తాయి. పెన్సిలంత లావున, పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతున్న భాగమే నాకు కావాలి. జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు. అడుగున కణుపు కిందుగా ఏటవాలుగా, పైన అడ్డంగా కోశాను. అలా కోస్తే పైదేదో కిందిదేదో తికమక ఉండదు. చిగుళ్ళలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోన్ కొమ్మలో మొదలు వైపుకే దిగుతుంది, అది పేరుకున్న చోటే వేరు పుడుతుంది. కొమ్మని తిరగేసి గుచ్చినంత మాత్రాన ఆ దారి మారదు.

కింది ఆకులు తీసేసి, పైన రెండు మాత్రం ఉంచి వాటినీ సగానికి కత్తిరించాను. వేరు లేకుండా నీళ్ళు సరిగ్గా అందవు, ఆకులేమో ఆవిరి వదలడం మానవు. అలాగని మొత్తం దూసేస్తే తిండి తయారుచేసే దిక్కుండదు. నందివర్ధనం పాలు కారి కట్టర్ అంతా జిగురు. వాటిని కాసేపు నీళ్ళ మగ్గులో నిలబెట్టి, పాలు ఆగాక తుడిచాను.

దాల్చినచెక్క పొడి, తేనె, కలబంద అంటూ వీడియోల్లో ఊదరగొడతారు. నా నమ్మకం మాత్రం విత్తనాల కొట్లో దొరికే హార్మోన్ పొడి మీదే. అందులో ఉండే ఇండోల్ బ్యుటైరిక్ యాసిడ్ కూడా ఓ రకం ఆక్సినే. కొమ్మ అడుగు తడిపి, పొడిలో అద్ది, ఎక్కువైంది దులిపేశాను. ఇసుక, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) సగం సగం కలిపి నింపిన కవర్లలో ముందే పుల్లతో బొక్క చేసి నిలబెట్టాను. నేరుగా గుచ్చితే పొడంతా పైనే రాలిపోతుంది. చివర్న అడుగు కోసిన నీళ్ళ సీసాలు బోర్లించి, మెట్ల కింద ఎండ తగలని చోట పెట్టాను.

ఇక ఓపిక పట్టడమే కష్టం. వారం పది రోజుల్లో కణుపు దగ్గర పచ్చగా చిగురు పొడుచుకొస్తుంది. బతికేసిందని సంబరపడకూడదు, కొమ్మలో దాచుకున్న తిండితోనే అది చిగురేస్తుంది. వేరు రాకపోతే ఆ చిగురే ఓ మధ్యాహ్నం వేలాడిపోతుంది. వేరొచ్చిందా అని లాగి చూస్తే లేతవి పుటుక్కున తెగుతాయి. కవరు అడుగు బొక్కల్లోంచి తెల్లగా బయటికొచ్చేదాకా ముట్టుకోకపోవడమే మంచిది. మందారానికి నెలా, రెండు నెలలూ పట్టొచ్చు.

పని చేస్తుంటే ఒక సంగతి తట్టింది. ముద్ద మందారం మన పెరళ్ళలో దాదాపుగా కాయ కాయదు, ఇలా కొమ్మ నుంచి కొమ్మగా రావలసిందే. పిన్నిగారిది వాళ్ళ పుట్టింట్లో విరిచి తెచ్చిన కొమ్మేనట, అదెక్కడిదో ఆవిడకీ తెలీదు. మరి ఈ పుల్ల వయసు ఎంతని చెప్పాలి?

సాయంత్రం పిన్నిగారు వచ్చి కవర్లు చూసి, "రెండు మా అమ్మాయికి" అన్నారు. పొద్దున పుల్లలెందుకు అన్నది ఆవిడే! కరివేపాకు కొమ్మ కూడా గుచ్చమన్నారు. అది కొమ్మతో అంత తేలిగ్గా రాదండీ, చెట్టు మొదట్లో పిలక లేస్తే వేరుతో తవ్వుకుందాం అన్నాను.

గన్నేరు కొమ్మలు ఇంకా బకెట్లోనే ఉన్నాయి. నీళ్ళలోనూ వేరేస్తుంది కాబట్టి తొందరేం లేదు. నిలువెల్లా విషం కాబట్టి పిల్లలకి అందకుండా డాబా మీదికి చేర్చి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.