అమ్మ మంచం పక్కన పదకొండు రోజులు

అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. నాలుగో రోజు రాత్రి చలి, జ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. "మూత్రానికి పైపు వేసినవాళ్లకి వస్తూనే ఉంటుందండీ" అన్నాడు డ్యూటీ డాక్టరు, చాలా మామూలుగా.

అప్పుడు గుర్తొచ్చింది. ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడు స్ట్రెచర్ మీద యూరిన్ బ్యాగును అమ్మ పొట్టమీద పెట్టింది నేనే. దానివల్లే వచ్చిందని చెప్పలేను గానీ, బ్యాగు ఎత్తులో ఉంటే అందులోది వెనక్కి పోతుందని అప్పటిదాకా నాకు తెలీదు. పెద్ద సిస్టర్ ఒకావిడ చూపించింది: బ్యాగు ఎప్పుడూ నడుముకంటే కిందే ఉండాలి, నేలకి మాత్రం ఆనకూడదు. పైపు మెలిక పడకూడదు. ఖాళీ చేసేటప్పుడు దాని మూతి డబ్బాకి తగలకూడదు. "రోజూ రౌండ్స్‌లో అడగండి, పైపు ఇంకా అవసరమా అని" అంది. ఎన్ని రోజులుంటే అంత ప్రమాదమట. మర్నాడు అడిగాను. సాయంత్రానికి తీసేశారు! అడక్కపోతే ఇంకెన్ని రోజులు ఉండేదో.

చేతుల సంగతే కష్టమైంది. పక్క మంచం దగ్గర వేసుకున్న గ్లౌజులతోనే ఒక సిస్టర్ వచ్చి అమ్మ సెలైన్ సూది పట్టుకోబోయింది. చెప్తే ఏమనుకుంటుందో, రేపు పిలిస్తే పలుకుతుందో లేదో అని ఒకటే టెన్షన్. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చేతులు కడుక్కోమంటే తోటి డాక్టర్లకే రుచించలేదు, నేనెంత? చివరికి ఒక ఉపాయం చేశాను. ముందు నా చేతులకి శానిటైజర్ రాసుకుని, "మీకూ వెయ్యమంటారా సిస్టర్?" అని సీసా చాపాను. ఆమె నవ్వి గ్లౌజులు తీసేసి, చేతులు రుద్దుకుని, కొత్తవి వేసుకుంది. అందరూ నవ్వలేదు లెండి. ఒకాయన మొహం మాడ్చుకుని మరీ రుద్దుకున్నాడు.

చుట్టాలతో ఇంకో తంటా. బాబాయి వచ్చీరాగానే మంచం మీద కూర్చున్నాడు. పిన్ని శానిటైజర్ రాసుకున్న మరుక్షణం చీర కొంగుకి తుడిచేసుకుంది. అది ఆరేదాకా, ఇరవై ముప్పై సెకన్లు రుద్దాలని చెప్తే, "కరోనా పోయింది కదే" అంది.

డిశ్చార్జ్ రోజు సీసాలో సగం మిగిలింది. పక్క మంచం అబ్బాయికిచ్చాను. వాళ్ల నాన్న యూరిన్ బ్యాగు నేలమీదుంటే, ఎక్కడ తగిలించాలో కూడా చూపించి వచ్చాను.