ముందు బంపరు కింది అంచు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో 1672 మీటర్ల ఎత్తున్న దేవమాలి కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో మా జీపు వాగు గట్టు ఎక్కబోయినప్పుడల్లా, టైరు ఆనకముందే ప్లాస్టిక్ బంపరు మూల నేలకు తగిలేది. టైరు కంటే ముందుకు పొడుచుకు వచ్చి, కిందికి దిగిన భాగమే బండి ఎంత నిటారు గట్టు ఎక్కగలదో నిర్ణయిస్తుంది కనుక, ఆ మూలలను కోసేయాలని నిశ్చయించుకుని, జయపురంలోని మా ఇంటి పెరట్లో తమ్ముడూ నేనూ పనికి కూర్చున్నాం.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఫాగ్ లైట్ల కనెక్టర్లు విడదీసి, బంపరును దించాం. ఒక వైపు గీసిన అట్ట నమూనానే తిరగేసి రెండో వైపు పెట్టడం వల్ల కోత సమానంగా వచ్చింది. గ్రైండరు వేగం ఎక్కువైతే ప్లాస్టిక్ తెగడానికి బదులు కరిగి అతుక్కుంటుంది; అందుకే సన్నని పళ్ల రంపంతో నిదానంగా కోసి, గరుకు కాగితంతో రుద్ది, అంచుకు రబ్బరు బీడింగు తొడిగాం. వెనకనున్న ఇనుప దూలాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఢీకొన్నప్పుడు దెబ్బను మోసేది అదే.

బంపరు ముందు బుల్‌బార్ అనే ఇనుప కడ్డీల చట్రం బిగించమని చాలామంది సలహా ఇచ్చారు. అది మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుకు విరుద్ధమని 2017లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు తెలిపింది. పైగా అది ఎయిర్‌బ్యాగు సెన్సర్ల పనికి అడ్డుపడవచ్చు, తగిలితే నడిచే మనిషి ప్రాణానికే ముప్పు. సంతరోజున కావిళ్లతో, నెత్తిన గంపలతో జనం నడిచే మా దారుల్లో ఆ ఇనుము నాకు ఏమాత్రం సమ్మతం కాదు.