ముందు పాత్ర పేరు, తర్వాత మాట

మిర్చి యార్డులో పనిచేసేవాడికి జేబులో పెన్నూ పుస్తకం ఉండీ లాభం లేదు. సీజన్లో గుంటూరు యార్డుకి ఒక్కసారి వచ్చినవాళ్లకైనా ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక చేతిలో చీటీలు, ఇంకో చేతిలో ముక్కుకి అడ్డం పెట్టుకున్న కర్చీఫ్, కళ్లలో మంట. టిక్కీల, అంటే మిర్చి బస్తాల, వరసల మధ్య నిలబడి ఏదో రాసుకుందాం అనుకునేలోపు వెనక నుంచి హమాలీ "జరగండి జరగండి" అంటాడు. నేను అక్కడొక కమీషన్ కొట్టులో గుమస్తాని. రాత్రిళ్లు, సెలవుల్లో నాటికలు రాస్తాను. నాటక పరిషత్తులు పెట్టే పోటీలకి ఆడే గంటలోపు నాటికలు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన జిల్లా కదా, మా వైపు ఈ పిచ్చి ఉన్నవాళ్లు కొట్టుకి ఒకరైనా దొరుకుతారు. తట్టిన మాటని ఫోన్లో చెప్పి పెట్టుకోవడం నాకు ఇక్కడే అలవాటైంది. ఫోన్ల మీద మోజుతో కాదు, ఘాటుకి కళ్లు తెరవలేక.

అలవాటయ్యాక తెలిసింది, నాటిక రాసేవాడికి అసలు ఇదే సరైన పద్ధతని. కథ రాసేవాళ్ల వాక్యం పాఠకుడి కంటికి వెళ్తుంది. మాది నటుడి నోట్లోంచి వెళ్లాలి. కాగితం మీద బ్రహ్మాండంగా కనిపించిన డైలాగు రిహార్సల్లో నోరు తిరక్క నీరుగారిపోవడం ఈ రంగంలో అందరికీ అనుభవమే. ముందు నోటితో అని, తర్వాత కాగితం మీద పెడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మాటలోనే తేలిపోతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. పోయిన సీజన్లో ఒక పెద్దాయన సరుకు తెచ్చాడు. తేజ రకం. బేరగాడు కాయ చూసి, తాలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, ఎక్కువుంది అని రేటు తగ్గించాడు. పెద్దాయన అన్న మాట ఇదీ: "తాలంటారేందండీ, నా కంటికి ఎర్రగానే ఉండాయే."

రాసి చూస్తే ఇది తగాదా. కానీ ఆయన అన్నది అట్లా కాదు. "తాలంటారేందండీ" అని ఆగాడు. వంగి ఒక కాయ తీశాడు. వెలుతురు వైపు తిప్పి చూశాడు. అప్పుడు రెండో ముక్క అన్నాడు, గొంతు తగ్గించి, తనకి తానే. అంటే మొదటి ముక్క వ్యాపారితో, రెండోది తన కంటిచూపుతో. అనుమానం సరుకు మీద నుంచి తన మీదకి మళ్లింది. నేను కొట్టు వెనక్కి వెళ్లి, రికార్డర్ నొక్కి, ఆ ఆగడంతో సహా అన్నాను. మధ్యలో ఒక తుమ్ము కూడా పడింది. పుస్తకంలో రాసుకుని ఉంటే ఆ మౌనం కోసం బ్రాకెట్లలో నాలుగు లైన్ల రంగసూచన రాయాల్సి వచ్చేది, అయినా అది అందులోకి దిగేది కాదు.

ఆ పెద్దాయన గొంతు నా ఫోన్లో లేదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తెలియకుండా రికార్డు చేయడం నాకు నచ్చని పని. ధర పడిపోయిన మనిషి మాట ఆయన సొంతం. నేను విన్నది నా గొంతుతో అనుకుంటాను, అంతే. దానివల్ల ఇంకో మేలు కూడా ఉంది. మళ్లీ అనేటప్పుడు అనవసరమైనవి జారిపోతాయి, ఊరూ పేరూ పోతాయి, పాత్రకి కావాల్సినంతే మిగులుతుంది.

ఒకరు నోటితో చెప్తే ఇంకొకరు రాసుకోవడం మనకేం కొత్త కాదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరులో తిక్కన భారతం చెప్తుంటే కుమ్మరి గురునాథుడు రాశాడని, ఎక్కడా ఆగకుండా చెప్పాలన్నది నియమమనీ చాటుకథ ఉంది. ఒకచోట పద్యం సాగక తిక్కన "ఏమి చెప్పుదుం గురునాథా" అనేశాడట. గురునాథుడు అదీ రాసేశాడు. తీరా చూస్తే అది పద్యంలో అతికినట్టు సరిపోయింది. అక్కడ సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతి చెప్తున్నాడు. ముందు మాట చివరి నకారం, అంటే ద్రుతం, వల్ల కకారం గకారమై కురునాథుడు, అంటే ధృతరాష్ట్రుడు, గురునాథుడయ్యాడు. జరిగిందో లేదో పండితులు చూసుకుంటారు. నాకు నచ్చింది రాసినవాడి పద్ధతి. ఇది పద్యమా, విసుగా అని ఎంచకుండా విన్నది విన్నట్టు రాశాడు.

రికార్డరు గురునాథుడి లాంటిదే. వాయిస్ టైపింగ్ అట్లా కాదు, అది ఎంచుతుంది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుతో కలిపి ఎనిమిది భారతీయ భాషలకి మాటని అక్షరంగా మార్చే సదుపాయం ఇచ్చింది. దాన్ని తీసిపారేయను. మెసేజీలకి, కొట్టు ఉత్తరాలకి నేను దాన్నే వాడతాను. ఒత్తులూ గుణింతాలూ వెతుక్కుంటూ కొట్టడం కన్నా ఎంతో నయం. కానీ తట్టిన మాటని మొదటిసారి దానికి చెప్పకూడదు. "టిక్కీలు" అంటే ఒక్కోసారి "టికెట్లు" అంటుంది. "ఎట్టా పొయ్యేది" అని యాసలో అంటే దానికి తెలిసిన తెలుగులోకి లాగుతుంది. కామాలు, ఫుల్‌స్టాపులు మనమే పెట్టుకోవాలి. అన్నిటికన్నా ఇబ్బంది, మనం ఆలోచించుకోవడానికి కాసేపు ఆగితే మైకు తన పని అయిపోయిందనుకుంటుంది. నాటికలో సగం సరుకు ఆ ఆగడంలోనే ఉంటుంది మరి.

అందుకే రెండూ వాడతాను, వేరువేరు పనులకి. పగలు రికార్డరు. రాత్రి ఇంట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని, అదే మాటని మళ్లీ స్పష్టంగా వాయిస్ టైపింగ్‌కి చెప్తాను. అప్పుడు తప్పులు తక్కువ వస్తాయి. వచ్చినవి అక్కడికక్కడే దిద్దుకోవచ్చు, అసలు మాట చెవిలో ఉంటుంది కాబట్టి.

ఇక చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే: రికార్డు చేశాం సరే, కావాల్సినప్పుడు వెతికేదెట్లా? ఫోన్లు పెట్టే పేర్లు ఎందుకూ కొరగావు. నా సామ్‌సంగ్‌లో వాయిస్ 001, వాయిస్ 002 అని వస్తాయి. మా బావమరిది ఐఫోన్ అయితే లొకేషన్ ఆన్ చేస్తే ఎక్కడ మాట్లాడామో ఆ చోటు పేరే పెడుతుంది. తిరిగే ఉద్యోగం వాళ్లకి అది బాగుంటుందేమో. నాకైతే ఏ ఫైలు చూసినా యార్డు అడ్రసే కనిపించేది.

పేరు తర్వాత మారుద్దాంలే అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు. అందుకని రికార్డు నొక్కగానే మొట్టమొదట పాత్ర పేరు అంటాను. "సుబ్బులు." ఆ తర్వాత మాట. ఏ పాత్రదో తెలియకపోతే "ఊరికే" అంటాను. అప్పుడు వినేటప్పుడు మొదటి రెండు సెకన్లలోనే తేలిపోతుంది, ఇది ఇప్పుడు కావాలా వద్దా అని. పైగా పేరు పలకాలంటే ఎవరి మాటో ఆలోచించాలి. ఎవరిదీ కాని మాట అయితే, నిజం చెప్పాలంటే, అది నా ఉపన్యాసం. నాటికలో రచయిత ఉపన్యాసం దూరిందా, జడ్జీలు వాచీలు చూసుకుంటారు.

చిన్న ముక్కలకి వాట్సాప్ చాలు. 2022 చివర్లో మనకి మనమే మెసేజ్ పంపుకునే వీలు వచ్చింది కదా, ఆ చాట్‌ని పైన పిన్ చేసి పెట్టుకున్నాను. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట అనేయడం. తీరిక దొరికినప్పుడు ఆ వాయిస్‌ని పక్కకి జరిపి, దానికి రిప్లైగా ఒక్క లైను టైప్ చేయడం: "సుబ్బులు, రెండో సీను, తాలు." గొంతులో వెతకడం నా ఫోన్‌కి రాదు గానీ అక్షరాల్లో వెతకడం వచ్చు. సెర్చ్‌లో సుబ్బులు అని కొడితే ఆమె మాటలన్నీ వరసగా వస్తాయి. ఆ లైను మీద నొక్కితే పై వాయిస్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఈ ఒక్క ఏర్పాటు తెలిశాక మిగతా యాప్‌ల జోలికి పెద్దగా పోలేదు.

సీను మొత్తం చెప్పుకోవాలంటే మాత్రం రికార్డర్ యాపే. చోటు గురించి కంగారు పడక్కర్లేదు. 128 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషానికి ఒక ఎంబీ లోపే పడుతుంది. చోటు కన్నా ఖరీదైంది టైము. అరగంట మాట్లాడితే అరగంట వినాలి. వాట్సాప్‌లో ఒకటిన్నర రెట్లు, రెండు రెట్ల వేగం ఉంది. కథ మలుపుల గురించి చెప్పుకున్నవి అట్లా వింటే పర్లేదు. డైలాగులు అట్లా వింటే అందరూ రైలు తప్పిపోతున్నట్టు మాట్లాడతారు. అందుకని మాట అరనిమిషం దాటనివ్వను. అంతకన్నా పొడుగు సాగిందంటే "అంటే ఏంటంటే", "అసలు సంగతేంటంటే" అనే సరుకే ఎక్కువ ఉంటుంది.

ఆదివారం పొద్దున కూర్చుని వారం సరుకంతా విని తాలు ఏరేస్తాను. ఎక్కువ భాగం పోతుంది. యార్డులో అద్భుతం అనిపించినది ఇంట్లో కాఫీ తాగుతూ వింటే ఏమీ ఉండదు. మిగిలినవి తెల్లకాగితాల లాంగ్‌బుక్‌లోకి ఎక్కుతాయి. అందులో తేదీలు ఉండవు. పాత్రకో పేజీ. సుబ్బులు పేజీలో సుబ్బులు మాటలే. ఒక పేజీ నిండుతూ ఇంకోటి ఖాళీగా ఉంటే ఆ రెండో మనిషి నాటికలో ఎందుకున్నాడో అనుమానించాలి. కిందటిసారి ఒక మేనమామ పాత్ర అట్లాగే ఎగిరిపోయింది. నటుడికి ఇచ్చే భత్యం కూడా మిగిలిందని మా దర్శకుడు సంతోషించాడు. పుస్తకంలోకి ఎక్కినదాన్ని ఫోన్లోంచి తీసేస్తాను, ఆగడాల్లో అర్థం ఉన్నవాటిని తప్ప. వాటికి నక్షత్రం గుర్తు. వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఇచ్చే 15 జీబీ ఉచిత చోటులోంచే పోతుంది. అందుకని నక్షత్రాల వాటిని కంప్యూటర్లో కూడా పెట్టుకుంటాను.

బయట ఇట్లా ఫోన్లో మాట్లాడుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే ఎవరితోనో మాట్లాడుతున్నాం అనుకుంటారు. బస్సులోనూ ఎవరూ తిరిగి చూడరు. బండి మీద మాత్రం వద్దు. ప్రమాదం సరే, గాలి హోరు తప్ప ఏమీ వినపడదు కూడా. పక్కకి ఆపి, ఒక చెయ్యి మైకుకి అడ్డం పెట్టి అనాలి. మాట్లాడుతుండగా కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది. సీను చెప్పుకునేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవడం మేలు.

ఇబ్బందంతా ఇంట్లోనే. పోయిన ఎండాకాలం డాబా మీద అన్నదమ్ముల గొడవ సీను చెప్పుకుంటున్నాను. బోరు మోటారు ఎవరిదన్న తగాదా. అన్న గొంతూ నేనే, తమ్ముడి గొంతూ నేనే. తమ్ముడు "నాన్న చేత వేలిముద్ర నువ్వే వేయించావ్" అని అరిచే చోటికి వచ్చేసరికి పక్కింటి మాస్టారు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ఏందయ్యా, మీ తమ్ముడు ఎప్పుడొచ్చాడు? నాలుగు గోడల మధ్య కూర్చుని మాట్లాడుకోవాల్సినవి ఇవి" అన్నారు. నాకు తమ్ముడే లేడు. సంగతి చెప్పాక ఆయన వెళ్లిపోకుండా కుర్చీ తెప్పించుకుని మొత్తం విన్నారు. "ఈ అన్న మరీ న్యాయంగా మాట్లాడుతున్నాడు, ఏ అన్నా ఇట్లా మాట్లాడడు" అన్నారు. ఆ మాట పట్టుకుని సీను తిరగరాశాను. మా ఆవిడ మాత్రం అప్పటినుంచి డాబా మీదకి వెళ్తుంటే "ఇవాళ ఎవరితో గొడవండీ?" అని అడుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నేనూ మా దర్శకుడూ ఒప్పందానికి వచ్చాం. ఈ వాయిస్‌లు నటులకి పంపకూడదు. మా వాళ్లు ఒకరు నరసరావుపేట, ఒకరు పొన్నూరు. రోజూ కలవడం కుదరదు. డైలాగులు వాయిస్‌లో పంపితే బస్సులో వింటూ బట్టీ పట్టొచ్చు అనుకున్నాం. బట్టీ బాగానే వచ్చింది. కానీ రిహార్సల్లో అందరూ నాలాగే మాట్లాడారు. కూతురి పాత్ర వేసే అమ్మాయి కూడా నేను ఆగిన చోటే ఆగింది, నేను సాగదీసిన చోటే సాగదీసింది. దర్శకుడు తల పట్టుకున్నాడు. ఇప్పుడు నటులకి కాగితమే వెళ్తుంది. నా గొంతు దర్శకుడొక్కడే వింటాడు, అదీ అడిగితేనే.

ఈసారి నాటికలో ఒక కాటా గుమస్తా ఉన్నాడు. తూకంలో తేడా తనకి తెలుసని రైతుకి తెలిసిపోయాక అతను ఏమంటాడో ఇంకా తేలలేదు. కోపంగా, నవ్వుతూ, అసలు వినపడనట్టు, ఇట్లా రకరకాలుగా అని పెట్టుకున్నాను. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు. అప్పుడు మాస్టారిని కూర్చోబెట్టి వినిపిస్తాను.