కడుపునొప్పి అనే మాటకు అర్థాలు

మా చెల్లెలి కూతురు ఏడో తరగతి చదువుతోంది. గత జూన్‌లో, బడులు తెరిచిన రెండో వారంలో, రాజమండ్రి నుంచి నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మా, కడుపునొప్పి" అని గొంతు తగ్గించి చెప్పింది. కడుపునొప్పి అయితే పక్క గదిలో ఉన్న అమ్మకు చెప్పుకోవాలి గాని హైదరాబాదులో ఉన్న పెద్దమ్మకు ఎందుకు చెబుతోందా అన్న సందేహం వచ్చిన మరుక్షణమే నాకు సంగతి అర్థమైంది. మన ఇళ్లలో ఆడపిల్ల నోటివెంట వచ్చే కడుపునొప్పికి రెండర్థాలు ఉన్నాయి. "బయట చేరింది", "దూరంగా ఉంది", చిన్నపిల్లలు మరీ అడిగితే "కాకి ముట్టింది" అని ఈ ఒక్క విషయానికి ఎన్ని చాటుమాటలు ఉన్నాయో లెక్కపెడితే, అసలు మాట పలకకుండా ఉండడానికి మనం ఎంత శ్రమపడ్డామో తెలుస్తుంది.

నెమ్మదిగా అడగ్గా అడగ్గా ఆ పిల్ల చెప్పిన బాధ వేరే ఉంది. వాళ్లమ్మ ప్యాడ్ల పొట్లం చేతికిచ్చి, "మీద బొమ్మలు వేసి ఉంటాయి, చూసుకో" అని వంటింట్లోకి వెళ్లిపోయిందట. ఈ పిల్ల జిగురు ఉన్న పక్క ఒంటికి తగిలేలా పెట్టుకుని, తీసేటప్పుడల్లా చర్మం పీకుతుంటే ఓర్చుకుంటూ, పెద్దమనిషి కావడమంటే ఇంత మంట భరించడమే కాబోలు అనుకుని రెండు రోజులు గడిపింది. నేను నవ్వలేదు. ఆ వయసులో నేను చేసిన పని ఇంతకన్నా తెలివైనదేమీ కాదు.

నాకు పదమూడో ఏట వచ్చింది. అది నేరేడుపళ్ల కాలం. పరికిణీ మీద ముదురు గోధుమరంగు మరక చూసి, పండు మీద కూర్చున్నానని అనుకుని ఉతికేశాను. రక్తం ఎర్రగా ఉంటుంది గదా, ఇది వేరే ఏదో అని నా లెక్క. మొదటిసారి చాలామందికి అలా గోధుమరంగులో, కొద్దికొద్దిగానే కనిపిస్తుందని ఆ తరువాత ఎప్పటికో తెలిసింది. మూడో రోజు మా నాయనమ్మ కనిపెట్టింది. ఆ సాయంత్రానికల్లా నన్ను ఈతాకు చాప మీద కూర్చోబెట్టారు, నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేశారు, మేనమామ చీర తెచ్చాడు, పేరంటాళ్లు వచ్చి హారతి పాటలు పాడారు. ఊరందరికీ నా సంగతి తెలిసింది. నాకు ఏం జరిగిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు మా టీచరు పుస్తకం మూసి, "ఇది ఇంట్లో చదువుకోండి" అన్నారు. అందుకే ఆ పాఠాన్ని ఇక్కడ చెబుతున్నాను. పది నుంచి పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిలు ఎవరు చదివినా, తమ పెద్దమ్మ చెబుతోందని అనుకుంటే చాలు.

మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి సంకేతాలు పంపగానే అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారుచేయడం మొదలుపెడతాయి. సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఛాతీ దగ్గర చిన్న గడ్డలా తగిలి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది. ఒక పక్క ముందు, రెండో పక్క కొన్ని నెలల తరువాత రావడం మామూలే; అది జబ్బు కాదు. అక్కడి నుంచి దాదాపు రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి నెలసరి వస్తుంది. దానికి కొన్ని నెలల ముందు నుంచే లోదుస్తుల మీద తెల్లటి తడి కనిపిస్తుంది. దురద, దుర్వాసన లేనంతవరకు దానికి మందు అక్కర్లేదు. ప్రతి నెలా గర్భాశయం లోపల ఒక మెత్తటి పొర ఏర్పడుతుంది. గర్భం రానప్పుడు ఆ పొరతో పని ఉండదు కనుక కొంత రక్తంతో కలిసి బయటికి వచ్చేస్తుంది. అది "చెడురక్తం" కాదు, ఒంట్లో మిగతా చోట్ల పారే రక్తం లాంటిదే. ఆ పొరను బయటికి నెట్టడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల ప్రభావంతో గర్భాశయపు కండరం బిగుసుకుంటుంది. మనం కడుపునొప్పి అనేది దాన్నే. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకోవడం, కాస్త నడవడం మేలు చేస్తాయి; నొప్పి తగ్గించే మాత్రను డాక్టరును అడిగి వేసుకోవడంలో తప్పేమీ లేదు. నెలనెలా బడి మానేసేంత నొప్పిని మాత్రం "ఆడపుట్టుక అంతే" అని ఎవరు అన్నా ఒప్పుకోవద్దు, దానికి వైద్యం ఉంది.

ఒక్కో నెలసరికి మొత్తం మీద పోయే రక్తం సాధారణంగా 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే ఇరానీ చాయ్ కప్పులో సగానికి లోపే. చూడటానికి ఎక్కువగా అనిపిస్తుంది గాని లెక్క ఇంతే. గంటకో, రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతూ ఉన్నా, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పదిహేనేళ్లు నిండినా రాకపోతే కూడా ఒకసారి చూపించుకోవాలి. మొదటి రెండు మూడేళ్లు తేదీలు కుదురుగా ఉండవు; మీ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సరైనదే. క్యాలెండరు మీద వచ్చిన రోజున ఒక చుక్క పెట్టుకోండి. ఆరు నెలల చుక్కలు డాక్టరుకు చూపిస్తే సగం ప్రశ్నలు అడగనక్కర్లేదు.

ఆ ఆదివారం నేను రాజమండ్రి వెళ్లి, మంచం మీద ఒక పొట్లం విప్పి, కాగితం ఊడదీసి, జిగురు లోదుస్తుకు అతికేలా పెట్టి, రెక్కలను కిందికి మడిచి చూపించాను. ఆ పిల్ల చేత నాలుగుసార్లు చేయించాను. నాలుగైదు గంటలకు, తడి తక్కువగా ఉన్నా సరే, మార్చుకోవాలి. వాడినదాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి గాని లెట్రిన్‌లో పడేయకూడదు. బట్ట వాడేవారు సబ్బుతో ఉతికి, చీర చాటున దాచకుండా ఎండలో ఆరేస్తే అది ప్యాడ్‌కు ఏమాత్రం తీసిపోదు. లోపల కడుక్కోవడానికి అమ్మే ద్రవాలు అక్కర్లేదు, బయట నీళ్లు చాలు. 2018 జూలైలో ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేశారు. జన ఔషధి దుకాణాల్లో "సువిధ" ప్యాడ్ ఒక్కొక్కటి రూపాయికి దొరుకుతుంది. మందుల షాపువాడు దాన్ని న్యూస్‌పేపరులో చుట్టి, ఆపైన నల్ల కవరులో వేసి ఇస్తాడు. దగ్గుమందు సీసాకు అంత మర్యాద చేయడు.

బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర గురించి ఒక మాట. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మలం నల్లగా వస్తుందని భయపడి ఆ మాత్రను కిటికీలోంచి విసిరేసేవాళ్లున్నారు. అలా రావడం సహజం. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం ఉండదు, జామకాయ గాని నిమ్మరసం గాని తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది, టీ తాగితే ఒంటబట్టదు.

మైల సంగతికి వస్తే, పందొమ్మిదో ఏట నేను ఎవరికీ చెప్పకుండా ఆ రోజుల్లోనే ఆవకాయ కలిపాను. ఆ జాడీ మరుసటి వేసవి దాకా నిక్షేపంగా ఉంది. పచ్చడికి బూజు పట్టేది తడి గరిటె వల్ల. మీ ఇంటి పెద్దలతో ఈ విషయం మీద పోట్లాడమని చెప్పను, ఎవరి ఇంటి పద్ధతి వారిది. కాకపోతే చాప మీద కూర్చోబెట్టినా తిండి, నీళ్లు, స్నానం, చదువు ఆగకూడదు. ఇంకొకటి ఇంతకన్నా ముఖ్యం. ఇంట్లో వ్రతమో పెళ్లో ఉందని నెలసరిని వాయిదా వేసే మాత్రలను మందుల షాపులో అడిగి తెచ్చి ఆడపిల్లల చేత మింగించడం మనకు మహా అలవాటు. అవి హార్మోను మాత్రలు. రక్తం గడ్డకట్టే లక్షణం ఉందా, తీవ్రమైన తలనొప్పి వస్తుందా అని అడిగి తెలుసుకున్న డాక్టరు రాస్తే తప్ప వాటిని ముట్టుకోవద్దు. ముఖం మీద మొటిమలకు షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ క్రీములదీ ఇదే కథ.

ఇక ఎవరి మీదనో ఇష్టం పుట్టినప్పుడు మొదలయ్యే మరో రకం కడుపునొప్పి. నేను ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా, జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని అరువడిగిన పాపానికి ఒక అబ్బాయి నా తలలోకి వచ్చి కూర్చున్నాడు. పిలవలేదు, వద్దనుకున్నా పోలేదు. దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా రసాయనశాస్త్రం నోట్సు చివరి పేజీ నిండా అతని పేరు మొదటి అక్షరమే. సంక్రాంతి తరువాత, కారణం ఏమీ లేకుండానే, ఒక ఉదయం చూస్తే లేడు. ఆ వయసులో ఉద్వేగాలను నడిపే మెదడు భాగం ముందు పరుగెత్తుతుంది, ఆలోచించి ఆగమని చెప్పే నుదుటి వైపు భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. కాబట్టి సీనియరు మీదనో, స్నేహితురాలి అన్న మీదనో, మరో అమ్మాయి మీదనో ఇష్టం పుడితే మీలో లోపం ఉన్నట్టు కాదు. దాన్ని వెంటనే ఎవరికో తెలియజేయాలన్న నియమమూ లేదు. నోట్సు చివరి పేజీ అందుకే ఉంది. అయితే ట్యూషన్ సారు మీద ఇష్టం కలిగితే అది మీ తప్పు కాదు గాని, ఆ సారు దాన్ని పసిగట్టి రాత్రిపూట మెసేజీలు పెట్టడం, ఫొటో అడగడం మొదలుపెడితే అది పూర్తిగా ఆయన తప్పు, ఎంత తీయగా మాట్లాడినా తప్పే. ఆ రోజే ఇంట్లో చెప్పాలి.

మీకు ఇష్టం లేని అబ్బాయి మీ వెంట పడినప్పుడు మన అమ్మాయిలు ఇచ్చే జవాబులు నాకు బాగా తెలుసు, నేనూ అవే ఇచ్చాను. "మా ఇంట్లో ఒప్పుకోరు" అంటాం. "ఇప్పుడు చదువు ముఖ్యం" అంటాం. మరీ మొహమాటమైతే "అన్నయ్యా" అని పిలిచి రాఖీ కట్టేస్తాం. మొదటి జవాబు విన్నవాడు ఇంట్లోవాళ్లను ఒప్పిస్తే సరిపోతుందని అనుకుంటాడు, రెండోది విన్నవాడు పరీక్షలు అయ్యేదాకా ఆగుతాడు, రాఖీని మన సినిమాలు ఎప్పుడో హాస్యం చేసేశాయి. ఈ మూడింటిలోనూ అసలు మాట లేదు. "నాకు ఇష్టం లేదు. మళ్లీ అడగవద్దు." ఇంతే అనాలి, కారణం చెప్పకూడదు, ఎందుకంటే కారణం చెప్పగానే అతను దానికి విరుగుడు వెతుకుతాడు. అద్దం ముందు ఒకసారి పైకి అని చూడండి. గొంతు ఎంత వింతగా వినిపిస్తుందో చూస్తే, ఆ మాటలు మనకు ఎవరూ నేర్పలేదని తెలుస్తుంది. చాలామంది అబ్బాయిలు ఒక్కసారి స్పష్టంగా వింటే తప్పుకుంటారు. వాళ్లను క్లాసులో ఎగతాళి చేయకండి, ఉత్తరం నలుగురికీ చూపించకండి.

తప్పుకోనివాడి సంగతి వేరు. వద్దన్నా వెంటపడటం, పదేపదే మెసేజీలు పెట్టడం ప్రేమ కాదు, నేరం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లను లైంగిక ఉద్దేశంతో పదేపదే వెంబడించడాన్ని, ఫోన్‌లో వేధించడాన్ని 2012 నాటి పోక్సో చట్టం లైంగిక వేధింపుగానే చూస్తుంది, మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. మీ పేరు పత్రికల్లో రాకూడదని అదే చట్టం చెబుతుంది. "చెయ్యి కోసుకుంటాను" అని బెదిరిస్తే ఆ బరువు మీరు మోయవద్దు, అతని తరఫు పెద్దలకు తెలిసేలా చేయండి. బ్లాక్ చేసే ముందు మెసేజీలకు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. తెలంగాణలో 2014 నుంచి, ఆడపిల్లలను వేధించేవాళ్ల పని పట్టే షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి.

ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారనే భయం వట్టిది కాదు, అలా మాన్పించిన ఇళ్లు నేను చూశాను. అందుకే ముందు పిన్నికో, మేనత్తకో, నమ్మకమున్న టీచరుకో చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని అమ్మానాన్నల దగ్గర కూర్చోవడం మంచిది. మొదటి మాటే "నేను బడి మానను, నాకు సాయం కావాలి" అని ఉంటే మిగతా సంభాషణ వేరే దారిలో నడుస్తుంది. తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, "నువ్వేం చేశావు?" అన్నది మీ మొదటి ప్రశ్న కాకుండా చూసుకోండి, ఆ ప్రశ్న తరువాత ఏ పిల్లా రెండోసారి చెప్పదు.

పోయిన వారం మళ్లీ ఫోన్ వచ్చింది. వెనకాల టీవీ మోగుతోంది, మా మరిది గొంతు వినిపిస్తోంది. "పెద్దమ్మా, పీరియడ్ వచ్చింది, ఈసారి 38 రోజులకు, చుక్క పెట్టాను" అని హాలు మధ్యలో నిలబడి మామూలు గొంతుతో చెప్పింది. టీవీ శబ్దం తగ్గింది. ఒక అరగంట తరువాత వాళ్ల నాన్న మందుల షాపుకి వెళ్లి, న్యూస్‌పేపరు వద్దని చెప్పి, చేతిలో పట్టుకుని ఒక పొట్లం తెచ్చాడట. సైజు తప్పు తెచ్చాడు. మార్చి తేవడానికి మళ్లీ వెళ్లాడు.