బ్యాటరీ నుంచి సీటు కిందికి ఒక్క వైరు: నాలుగు గంటల నా శీర్షాసనం

వైరు లాగి గంట కూడా కాలేదు. మెడ ఇంకా ఎడమవైపు తిరగట్లేదు. కోపం చల్లారితే మళ్లీ రాయబుద్ధి కాదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

తెనాలిలో పెళ్లి ఫొటోలు తీస్తుంటాను. పగలు సూర్యలంక బీచ్‌లో ప్రీవెడ్డింగ్ షూట్, రాత్రి రెండింటికి ఇంకో ఊళ్లో ముహూర్తం. ఆ రెంటి మధ్య డ్రోన్ బ్యాటరీలు, కెమెరా బ్యాటరీలు, ల్యాప్‌టాప్ అన్నీ కార్లోనే ఛార్జ్ అవ్వాలి. ఇన్నాళ్లూ సిగరెట్ లైటర్ సాకెట్‌కి చిన్న ఇన్వర్టర్ తగిలించి నెట్టుకొచ్చాను. నా కార్లో ఆ సాకెట్ ఫ్యూజు 15 యాంప్స్. 12 వోల్టుల లెక్కన 180 వాట్లు. నా సరంజామా అంతా కలిపితే 220 పైమాటే. పోయిన నెల దార్లోనే ఫ్యూజు పోయింది. సగం నిండిన బ్యాటరీలతో సంగీత్‌లో డ్రోన్ ఎగరేశా. పెళ్లికొడుకు బాబాయి "అప్పుడే దించేశావేమయ్యా" అన్న ప్రతిసారీ "గాలెక్కువుందండీ" అన్నాను. ఆకు కూడా కదలట్లేదక్కడ.

సరే, 600 వాట్ల ఇన్వర్టర్ కొన్నాను. దానికి వైరు నేరుగా బ్యాటరీ నుంచే రావాలి. ఫుల్ లోడు మీద 55, 60 యాంప్స్ లాగుతుంది మరి.

ముందు ఒక కార్ డెకార్ షాపుకి వెళ్లా. ఏ షాపో చెప్పను, వాడికి ఉచితంగా పబ్లిసిటీ ఎందుకు. బిగించడానికి మూడున్నర వేలు అడిగాడు. వైరు ఎటు నుంచి తెస్తావంటే "డ్రిల్లేస్తాం" అన్నాడు, గోడకి మేకు కొట్టినంత తేలిగ్గా. "ఫొటోలు తీసుకునేవాళ్లకి ఇవన్నీ ఎందుకు సార్" అని నవ్వాడు కూడా, నలుగురి ముందూ. పనివ్వలేదు గానీ కేబుల్ మాత్రం అక్కడే కొన్న వెధవని నేను. ఇంటికొచ్చి బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా ఉంది. పైన రాగి పూత, లోపలంతా అల్యూమినియం! అదే లావుకి రాగి మోసేంత కరెంటు అది మొయ్యదు, వేడెక్కుతుంది. తిరిగిస్తే "అందరూ ఇదే వాడతారు" అన్నాడు. ఆ అందరి కార్లూ చల్లగా ఉండాలి. చివరికి మామూలు ఎలక్ట్రికల్ షాపులో 16 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి కేబుల్ తెచ్చుకున్నా (16 అనేది లోపలి రాగి లావు లెక్క). మీరు ఏ కేబుల్ కొన్నా అక్కడే ఒక పోగు గీకి చూసుకోండి. షాపువాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

బ్యాటరీ నెగటివ్ ముందు విప్పాను. పది నంబరు స్పానర్, రెండు నిమిషాల పని.

ఇక అసలు కథ. ఇంజనుకీ మన కాళ్లకీ మధ్య ఒక రేకు ఉంటుంది. ఫ్యాక్టరీ వైర్లన్నీ ఒక రబ్బరు బుష్షులోంచి ఆ రేకు దాటి లోపలికొస్తాయి. మన వైరూ దాంట్లోంచే రావాలి. కొత్త బొక్క పెడితే రేకు అంచు రోజూ వైరు తొడుగుని కోస్తూ ఉంటుంది, ఏదో ఒక రోజు మంటే. ఇదంతా నాకు తెలుసు. తెలియందల్లా ఆ బుష్షు ఎక్కడుందో!

గ్లవ్ బాక్స్ ఊడదీశా. సీటు మీద నడుము, కింద తల, బయట కాళ్లు, నోట్లో టార్చి. అలా గంటన్నర. వీధిలో వెళ్లేవాళ్లందరూ నా కాళ్లతోనే మాట్లాడారు. ఎదురింటి రిటైర్డ్ మాస్టారైతే "ఏం నాయనా, కింద పడ్డ చిల్లర వెతుకుతున్నావా" అన్నారు. చివరికి బుష్షు ఇంజను వైపు నుంచే కనపడింది. దాని పక్కన వేలంత రబ్బరు ముక్కు, కొస మూసి ఉంది. కత్తిరించా. కేబుల్ దూర్చబోతే దూరదు. ఎందుకు దూరుతుంది? యూట్యూబ్ చూసిన ఉత్సాహంలో కొసకి లగ్గు, అంటే బోల్టుకి తగిలించే లోహపు రింగు, ముందే బిగించేశాను కదా! మూడు వందల డ్రోన్ షాట్లు ఎడిట్ చేసిన బుర్రకి, లగ్గు చివర్లో బిగించాలన్న సంగతి తట్టలేదు. అంగుళంన్నర కేబుల్ నరికి పారేశా.

మళ్లీ తోశా. ఈసారి వెళ్తోంది. మా ఆవిడని లోపల కూర్చోబెట్టి "వచ్చిందా?" అంటా. "రాలేదండీ." ఇంకో జానెడు. "రాలేదండీ." మీటరు పైగా తోశాను. మీటరు వైరు ఎక్కడికి పోతుందండీ? "కారు మింగేసిందేమో" అంది, నవ్వకుండా. మాస్టారు నవ్వారు.

ఎదురుగా ఇల్లు కడుతున్నారు, స్లాబుకి ఇనుము కడుతున్న మేస్త్రి చాలాసేపట్నుంచి చూస్తున్నాడట. దిగొచ్చి డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, నల్లగా దుప్పటిలా ఉండే మందపాటి చాపని నొక్కి చూశాడు. "ఇక్కడ ముద్దగా ఉంది సార్" అన్నాడు. రేకుకీ చాపకీ మధ్య నా కేబుల్ చుట్టలు చుట్టుకుని పడుకుంది, పాములాగ.

"బయట్నుంచి లోపలికెందుకు తోస్తారు సార్? లోపల్నుంచి బయటికి గుచ్చండి" అన్నాడు. చాపకి ఫ్యాక్టరీ వైర్ల పక్కన రెండు వేళ్లు పట్టేంత గాటు పెట్టాం. ఇనుము కట్టే బైండింగ్ వైరు రెండు పోగులు మెలేసి, కొస వంచి, ఆ ముక్కులోంచి గుచ్చాడు. ఇంజను వైపు వచ్చింది. దానికి కేబుల్ కొసని కోసుగా టేపు చుట్టి, గిన్నెల సబ్బు రాసి, నేను తోస్తే అతను లాగాడు. పది సెకన్లు. అక్షరాలా పది సెకన్లు. అప్పటికి నేను మొదలుపెట్టి నాలుగు గంటలు.

మిగతావి తేలికే. బ్యాటరీ పాజిటివ్ నుంచి మూరలోపు 60 యాంప్స్ ఫ్యూజు పెట్టా. ఇన్వర్టర్‌కి ఫ్యూజు ఉందిగా అని వదిలేసేవాళ్లున్నారు. బయటి ఫ్యూజు కాపాడేది ఇన్వర్టర్‌ని కాదు, దారి పొడుగునా ఉన్న వైరుని. ఇన్వర్టర్ నెగటివ్ నుంచి కారు బాడీకి వెళ్లే ఎర్తు కేబుల్ కూడా అంతే లావుది తీసుకుని, బాడీ మీద పెయింటు తెల్లరేకు వచ్చేదాకా గీకి బిగించా. పెయింటు మీద బిగించి "పని చెయ్యట్లేదు" అని ఇన్వర్టర్ కంపెనీని తిట్టే బాపతు నా స్నేహితుల్లోనే ఇద్దరున్నారు. ఫ్యూజు అన్నిటికన్నా చివర పెట్టా. ఇంజను స్టార్ట్ చేస్తే ఇన్వర్టర్ దగ్గర 14.1 వోల్టులు, బ్యాటరీ దగ్గర 14.2. అంటే దారిలో వైరు తినేసింది 0.1 వోల్టే. ఆ షాపువాడికి ఈ మీటరు ఫొటో పంపుదామనుకున్నా, మా ఆవిడ ఫోన్ లాగేసుకుంది.

ఒక్కటి మాత్రం. ఇంజను ఆపి ఛార్జ్ పెట్టొద్దు. నా బ్యాటరీ 35 ఏహెచ్‌ది (యాంపియర్ అవర్, అంటే 35 యాంప్స్ చొప్పున గంట అన్నది కాగితం లెక్క), 20 యాంప్స్ చొప్పున గంట లాగితే తర్వాత కారు తోయించుకోవడమే.

మేస్త్రికి రెండొందలివ్వబోతే తీసుకోలేదు. "ఆదివారం స్లాబు సార్. కాంక్రీటు పొయ్యకముందు ఒక్క ఫొటో పైనుంచి తియ్యండి. పోశాక నా పని ఎవరికీ కనపడదు" అన్నాడు. ఇప్పుడు బయట కారు ఇంజను నడుస్తూనే ఉంది. సీటు కింద డ్రోన్ బ్యాటరీలు మూడింట్లో రెండు నిండాయి.