అవి నిజం డబ్బులు కావు కదమ్మా

డిసెంబరు సెలవులకి హైదరాబాద్ వచ్చిన నాలుగో రోజు. చిక్కడపల్లిలో అమ్మావాళ్ళింట్లో తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది, జెట్ లాగ్ సంగతి తెలిసిందే. మంచినీళ్ళ కోసం హాల్లోకి వస్తే మా పద్నాలుగేళ్ళవాడు దివాన్ మీద వాళ్ళ తాతయ్య శాలువా కప్పుకుని ఫోన్ చూస్తున్నాడు. నిద్రపట్టక వీడియోలేవో చూస్తున్నాడనుకుని పక్కన కూర్చున్నాను. తెర మీద ఒక నాణెం గిరగిరా తిరుగుతోంది, ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు నీలం. ఇటు వాడి పేరు, అటు ముక్కూమొహం తెలియని ఇంకెవరిదో పేరు, కింద 800 అన్న అంకె. నీలం మీద ఆగింది. ఆటలో ఓడిపోతే వీడు మామూలుగా అరుస్తాడు, దిండు విసిరేస్తాడు. ఇప్పుడు ఏమీ అనలేదు. గుటక మింగి, వెంటనే మళ్ళీ 800 పెట్టాడు.

ఇదేంట్రా అంటే కాయిన్ ఫ్లిప్ అన్నాడు. డబ్బులు పెట్టి ఆడుతున్నావా అంటే, "కాదమ్మా, గేమ్ కాయిన్లు. అవి నిజం డబ్బులు కావు కదా" అన్నాడు. అబద్ధం చెబుతున్న మొహం కాదది. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

ఆ కాయిన్లు ఎలా వచ్చాయో తెల్లారేలోగా లాగాను. మన ఇళ్ళల్లో తెలియందేముంది, చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ వెళ్ళేటప్పుడు పిల్లాడి చేతిలో ఐదొందలో వెయ్యో పెడతారు, వద్దంటే నొచ్చుకుంటారు. నాలుగు రోజుల్లో అలా తొమ్మిదిన్నర వేలు పోగయ్యాయి. వాటిని మా చెల్లెలి కొడుక్కి ఇచ్చాడు, వాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. తమ్ముడు అడిగాడు కదా అని వాడు తన ఫోన్లోంచి యూపీఐతో గేమ్ కోడ్లు, అంటే ఆటలో కాయిన్లుగా మారే గిఫ్ట్ కార్డులు, కొనిచ్చాడు. అంతవరకు తప్పేమీ లేదు, కోట్లమంది పిల్లలు చేసేదే. ఆ తరవాతదే సమస్య. ఆటకి సంబంధం లేని ఒక వెబ్‌సైట్‌లో, గేమ్ అకౌంట్‌తోనే లాగిన్ అయి, ఆ కాయిన్లని అక్కడ జమ చేసి, పందెం కట్టాడు. అడ్రస్ లేదు, కంపెనీ పేరు లేదు, వయసు ఎంత అని అడిగింది కూడా లేదు. ఏడువేల రెండొందలు పోయాయి.

నేను అరిచాను. అమ్మ లేచొచ్చి సంగతి విని, "అల్లుడికి ఇప్పుడే చెప్పకు, చుట్టాల్లో తెలిస్తే పరువు పోతుంది" అంది. నేను మాత్రం అందరికీ చెబుతున్నాను, ఎందుకంటే ఇది మా ఒక్క ఇంట్లోదే అని నేననుకోవడం లేదు.

మేముండేది వాషింగ్టన్ రాష్ట్రంలో, బాతెల్‌లో. చట్టం సంగతి చూద్దామని కూర్చుంటే, నేనుంటున్న రాష్ట్రమూ నేను పుట్టిపెరిగిన ఊరూ రెండూ ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయని తెలిసింది. 2006లోనే వాషింగ్టన్ ఇంటర్నెట్ జూదాన్ని తీవ్ర నేరాల్లో చేర్చింది. 2016లో అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్, మాకు పక్కనే ఉన్న బెల్‌వ్యూలోని వాల్వ్ అనే గేమ్ కంపెనీకి, ఆటలో తుపాకులకి వేసే రంగుల తొడుగులు జూదం సైట్లకి బదిలీ కాకుండా ఆపమని చెప్పింది. 2018లో అయితే ఇంకా సూటిగా, బిగ్ ఫిష్ క్యాసినో అనే ఆన్‌లైన్ ఆట కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు, అందులో పందెం కట్టే చిప్స్‌ని తిరిగి డబ్బుగా మార్చుకోలేకపోయినా సరే, వాటితో ఇంకాసేపు ఆడుకోవచ్చు కాబట్టి వాషింగ్టన్ చట్టం ప్రకారం అవి విలువైన వస్తువే అంది. దానికి ముందు ఏడాదే ఇంకో అప్పీలు కోర్టు, వేరే ఆట విషయంలో, మేరీల్యాండ్ చట్టం కింద దాదాపు దీనికి ఎదురుగా చెప్పింది. అంటే అమెరికాలో ఏ రాష్ట్రంలో ఉన్నావన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇక్కడి సంగతి. నాన్న వెంటనే అన్నది, "రమ్మీ జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పింది కదా" అని. పేకాడే హైదరాబాదీలు ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. నిజమే, 1968 తీర్పు, అదీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసులోదే. కానీ 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించింది, డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడితే నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా ఇక్కడ చూడరు. రమ్మీ యాప్‌ల ప్రకటనల చివర తెలంగాణవాళ్ళు ఆడకూడదని చిన్న అక్షరాల్లో ఉండేది అందుకే. ఆ చట్టంలో ఆడినవాళ్ళకీ శిక్ష ఉంది. ఇక 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చూస్తే మావాడి మాటకి నేరుగా జవాబు అందులోనే ఉంది. పందెం అంటే డబ్బొక్కటే కాదట, డబ్బు పెట్టి కొన్న క్రెడిట్లు, కాయిన్లు, టోకెన్లు, పేరేదైనా, అసలువైనా డిజిటల్‌వైనా అన్నీ పందెం కిందకే వస్తాయి. అలాంటి ఆట నడిపినవాళ్ళకి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాళ్ళని ఈ చట్టం నేరస్తులుగా చూడదు, వాళ్ళు బాధితులని ప్రభుత్వం అంది. అది చదివాక నా గుండెదడ కొంచెం తగ్గింది కానీ, కొనిచ్చినవాడు చెల్లెలి కొడుకు, రికార్డులో ఉన్నది వాడి అకౌంటు, వాడికి పందొమ్మిదేళ్ళు. వాడు రెండ్రోజులు అన్నం తినలేదు. "పెద్దమ్మా, నాకు సైట్ సంగతి తెలీదు" అని పదిసార్లు అన్నాడు. నాకు తెలుసు వాడికి తెలీదని.

ఆ తరవాత మూడో రోజు సాయంత్రం అమ్మ పిల్లల్ని కూర్చోబెట్టి పేక తీసింది. మా ఇంట్లో పేకాటకి ఎప్పుడూ చింతపిక్కలే పందెం, బోర్న్‌విటా డబ్బాలో ఉంటాయి, మా చిన్నప్పటివి కూడా ఉంటాయేమో అందులో. మావాడు అడిగేశాడు, "అమ్మమ్మ చేస్తే ఓకేనా? ఇవి కూడా కాయిన్లే కదా?" నాకు ఆ ప్రశ్న నచ్చింది. నేను ఆలోచించేలోపే నాన్న చెప్పాడు, "ఒరేయ్ నాన్నా, ఈ పిక్కలు నువ్వు కొన్నావా? కిరాణా కొట్టుకి తీసుకెళ్తే ఏమన్నా ఇస్తాడా? ఆట అవ్వగానే అన్నీ ఒకే డబ్బాలో పడతాయి." వాడికి అర్థమైంది. నేను రెండు గంటలు చట్టాలు చదివి చెప్పినదానికంటే బాగా అర్థమైంది.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. వాడికి రూపాయి కూడా గేమ్ కాయినే. అలా నేర్పింది నేనే. ఇక్కడ దిగిన దగ్గర్నుంచి ప్రతిదాన్నీ తొంభైతో భాగిస్తాం. ఆటోవాడు నూటయాభై అంటే "రెండు డాలర్లు కూడా కాదు, బేరమాడకు" అంటాను. లాడ్ బజార్లో గాజుల కొట్టాయన ఆరొందలు చెబితే మావాడి ముందే నవ్వి, ఏడు డాలర్లే కదా అని ఇచ్చేశాను. ప్రతి రెండేళ్ళకీ వచ్చి ఇలా మాట్లాడితే పిల్లాడు ఏమనుకుంటాడు? ఇక్కడి నోట్లు ఊరికే వస్తాయి, ఊరికే పోతాయి, నిజం లెక్కలు అమెరికాలో ఉంటాయి అనుకుంటాడు. గేమ్ కంపెనీ డాలర్లని కాయిన్లుగా మార్చి ధర కనపడకుండా చేస్తే, నేను రూపాయల ధర కనపడకుండా చేశాను. ఇది అక్కడుంటున్న ప్రతి తెలుగు ఇంట్లోనూ జరుగుతోంది, దయచేసి ఒకసారి మీ మాటలు మీరే వినండి.

ఆ రాత్రి వాణ్ణి అమ్మ పద్దు పుస్తకం ముందు కూర్చోబెట్టాను. పాలు, కరెంటు, గ్యాస్, అన్నీ రూపాయల్లోనే, భాగించకుండా. ఇంట్లో పనిచేసే ఆమె జీతం దగ్గర ఆగాడు, నెలకి నాలుగువేలు. రోజూ వాడికి వేడిగా జొన్నరొట్టె చేసి పెట్టేది ఆవిడే. వేలితో అంకె మీద రాసి, ఫోన్ తీయకుండా మనసులోనే కూడుకున్నాడు. "దాదాపు టూ మంత్స్" అని, పుస్తకం మూసి, ఆవిడకి తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను.

పోయిన కాయిన్లు రాలేదు, రావు. పాస్‌వర్డ్ మార్చాం, రెండంచెల లాగిన్ పెట్టాం, వాడి గేమ్ అకౌంట్‌లో ఖర్చుకి నా అనుమతి తప్పనిసరి చేశాను, గిఫ్ట్ కార్డులు ఇవ్వొద్దని చుట్టాలందరికీ వాట్సాప్‌లో పెట్టాను, మా అత్తయ్య నొచ్చుకుంది కూడా. బాతెల్ తిరిగొచ్చి మూడు వారాలయింది. నిన్న కార్లో వెనక సీట్లోంచి, ఆ సైట్ వాళ్ళకి నిజంగా జైలు పడుతుందా అని అడిగాడు. ఎక్కడున్నారో తెలిస్తే కదరా అన్నాను. కాసేపు కిటికీలోంచి చూసి, తాతయ్యకి ఫోన్ చేసి అడుగుతానన్నాడు.